చెడ్డ వార్త మీ దాకా ఎంతసేపట్లో వస్తోంది? కొత్తగా షిఫ్ట్ ఇన్‌చార్జ్, టీమ్ లీడ్ అయినవాళ్ల కోసం

నిన్నటిదాకా ఒకే టేబుల్ మీద టిఫిన్ బాక్సులు తెరిచినవాళ్లే, ఇవాళ మీరు క్యాంటీన్‌లోకి రాగానే మాట మార్చేస్తారు. వాట్సాప్‌లో మీరు లేని కొత్త గ్రూపు ఒకటి పుడుతుంది. బాధపడకండి, మీ మీద కోపంతో కాదు. వాళ్ల లీవు, వాళ్ల షిఫ్టు, వాళ్ల అప్రైజల్ ఇప్పుడు మీ చేతికొచ్చాయి. వాటితో మీరేం చేస్తారో తెలిసేదాకా జాగ్రత్తగా ఉంటారు, అంతే.

నేను హైదరాబాద్ చుట్టుపక్కల, మందుల్లో వాడే అసలు రసాయనాలు తయారుచేసే బల్క్ డ్రగ్ ప్లాంట్లలో కెమిస్ట్‌గా చేరి, షిఫ్ట్ ఇన్‌చార్జ్ అయి, తర్వాత ఒక ప్రొడక్షన్ బ్లాక్ మొత్తం చూసుకున్నవాణ్ణి. అందుకే ఇక్కడ ఉదాహరణలు రియాక్టర్ల (రసాయనాలు కలిపి వండే పెద్ద పాత్రల) దగ్గరివే ఎక్కువ. మీది సాఫ్ట్‌వేర్ టీమ్ అయినా, బ్యాంకు బ్రాంచి అయినా, బట్టల షోరూమ్ అయినా వరస పెద్దగా మారదు.

నమ్మకం అనగానే అందరికీ టీమ్ డిన్నర్, భుజం తట్టడం గుర్తొస్తాయి. నాకు మాత్రం ఒకటే లెక్క. మీ టీమ్‌లో ఏదో తేడా జరిగింది. అది జరిగిన క్షణానికీ, మీ చెవిన పడిన క్షణానికీ మధ్య ఎంతసేపు పట్టింది? పది నిమిషాలైతే మిమ్మల్ని నమ్ముతున్నట్టు. రెండు రోజులైతే మీకు భయపడుతున్నట్టు. ఏకంగా ఆడిట్‌లోనే బయటపడితే, మీరు అక్కడ ఉన్నా లేనట్టే. కింద చెప్పే పనులన్నీ ఆ సమయాన్ని తగ్గించడానికే.

1. మొదటి వారం పాత బాకీలు అడగండి

చేరగానే అందరినీ నిలబెట్టి ‘మనమంతా ఒక కుటుంబం, ఏ సమస్య ఉన్నా నా దగ్గరికి రండి’ అని ఉపన్యాసం ఇవ్వకండి. మీకు ముందున్న ఇన్‌చార్జ్ కూడా అదే చెప్పి ఉంటాడు. ఆయనకి ముందున్నాయన కూడా.

దానికి బదులు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, వాళ్లు పనిచేసే చోటే నిలబడి పది నిమిషాలు మాట్లాడండి. క్యాబిన్‌కి పిలిస్తే ‘ఏం తప్పు చేశానో’ అనుకుంటూ వస్తారు, మనసులో మాట చెప్పరు. మూడే ప్రశ్నలు అడగండి. రోజూ మీ పనికి అడ్డం పడుతున్నదేంటి? ఇక్కడ కొత్తవాళ్లకి ఎవరూ చెప్పని సంగతి ఏదైనా ఉందా? ఇంతకుముందున్న సార్ చేస్తానని చెప్పి చేయనిది ఏమైనా ఉందా?

మూడో ప్రశ్న అడిగేటప్పుడు పాతాయన్ని తిట్టించుకోవడం మీ ఉద్దేశం కాదని వాళ్లకి అర్థం కావాలి. అడిగి, జేబులోంచి పుస్తకం తీసి రాసుకోండి. నాకు అలా దొరికిన మొదటి బాకీ 200 లీటర్ల డ్రమ్ములు తోసే ట్రాలీ. ఒక చక్రం విరిగి ఏడు నెలలైంది. హెల్పర్లు ఇద్దరు ఒక పక్క ఎత్తిపట్టుకుని తోస్తున్నారు. మెయింటెనెన్స్ వాళ్ల దగ్గర కాగితం ఉంది, చక్రం లేదు. నేను వాళ్ల షెడ్‌లో మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. సిగ్గుపడో, విసుగొచ్చో సాయంత్రానికి వేశారు.

ఆ హెల్పర్లలో ఒకతను అప్పటిదాకా నాతో ‘సరే సార్’ తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. మూడో వారంలో తనంతట తనే వచ్చి, “సార్, ఆ మూడో నంబర్ పంపు సీల్ దగ్గర కొంచెం తడిగా ఉంటోంది” అన్నాడు. ఆ పంపులో నడిచేది సాల్వెంట్. అంటే ఆ తడికి ఒక్క నిప్పురవ్వ చాలు. చక్రం ఖరీదు ఎంతో నాకు గుర్తులేదు కానీ, అంత లాభమొచ్చిన ఖర్చు నా సర్వీసులో ఇంకోటి లేదు.

2. ‘చూద్దాం’ అనడం మానేయండి

మన ఆఫీసుల్లో ఇంతకంటే అన్యాయమైన మాట లేదు. ‘సార్, వచ్చే నెల చెల్లి పెళ్లి, నాలుగు రోజులు లీవు కావాలి.’ ‘చూద్దాం.’ అడిగినవాడికి అది ‘లేదు’ అని తెలుసు. అయినా పూర్తిగా ‘లేదు’ కాదు కాబట్టి ఆశ చావదు. ఇంట్లో ఏం చెప్పాలో తెలియదు, టికెట్ బుక్ చేయాలో వద్దో తెలియదు. మొహమాటంతో మనం ఒక్క సెకను తప్పించుకుంటాం, అవతలివాడు ఇరవై రోజులు టెన్షన్ పడతాడు.

‘చూద్దాం’ నోటిదాకా వచ్చినప్పుడల్లా ఈ మూడింట్లో ఒకటి చెప్పండి.

‘సరే, పదో తారీఖు నుంచి నాలుగు రోజులు వెళ్లు.’

‘కుదరదు. ఆ వారం ఆడిట్ ఉంది, ఇద్దరు ముందే లీవులో ఉన్నారు. పెళ్లి రోజూ, ముందు రోజూ మాత్రం ఇవ్వగలను.’

‘ఇది నా చేతిలో లేదు. హెచ్‌ఆర్‌ని అడిగి గురువారం సాయంత్రానికి చెప్తా.’

మూడోదానితోనే చిక్కు. గురువారానికి హెచ్‌ఆర్ నుంచి జవాబు రాకపోవచ్చు. చాలామంది అక్కడే జారిపోతారు, జవాబు వచ్చాక చెబుదాంలే అని. అలా కాదు, గురువారం సాయంత్రం మీరే వెతుక్కుంటూ వెళ్లి ‘ఇంకా తేలలేదు, సోమవారం మళ్లీ అడుగుతా’ అని చెప్పాలి. పని కాలేదని జనం అంతగా నొచ్చుకోరు. తన సంగతి ఎవరికీ గుర్తే లేదని తెలిసినప్పుడు నొచ్చుకుంటారు.

మొదటి రోజు తీసిన జేబు పుస్తకం ఇక్కడ పనికొస్తుంది. ఎవరికి, ఏం చెప్పాను, ఎప్పటికల్లా. ఫోన్‌లో కూడా రాసుకోవచ్చు కానీ ఎదుటివాడు మాట్లాడుతుండగా ఫోన్ తీస్తే వాట్సాప్ చూస్తున్నారనుకుంటాడు. పుస్తకమే మేలు.

డబ్బు విషయంలో ఇంకా గట్టిగా ఉండండి. ఫ్యాక్టరీల్లో ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి ఇవ్వాలని చట్టం. అయినా నెలాఖరు స్లిప్పులో నాలుగు గంటలు తగ్గడం అందరూ చూసిందే. ‘అడ్మిన్‌లో అడుగు’ అని పంపకండి. మీరే మస్టర్ (హాజరు పట్టీ) తీసుకెళ్లి సరిచేయించండి. ఆ నాలుగు గంటలు అతను ఎప్పటికీ మర్చిపోడు. ‘ఎంప్లాయీ ఆఫ్ ది మంత్’ సర్టిఫికెట్ అయితే ఇంటికెళ్లేలోపే మర్చిపోతాడు.

3. చెడ్డ వార్త వచ్చినప్పుడు, మొదటి రెండు నిమిషాలు

మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. నేను దీన్ని తప్పు చేసి నేర్చుకున్నాను.

షిఫ్ట్ ఇన్‌చార్జ్ అయిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆపరేటర్ ఒకతను పరిగెత్తుకుంటూ వచ్చాడు. రియాక్టర్‌లో వేడి 50 డిగ్రీలు దాటకూడదు, 56కి వెళ్లింది. చల్లనీళ్ల వాల్వు తిప్పడం ఆలస్యమైంది. పది నిమిషాల్లో మళ్లీ దించేశాడు. అతను చెప్పడం పూర్తికాకముందే నేను ఎత్తుకున్నాను. “కళ్లెక్కడ పెట్టుకున్నావ్? పండుకున్నావా? బ్యాచ్ పోతే నీ జీతంలోంచి కడతావా?” అప్పుడే బి షిఫ్ట్ వాళ్లు కూడా వస్తున్నారు. పదిహేను మంది విన్నారు. అతను తల దించుకుని హెల్మెట్ సర్దుకుంటూ వెళ్లిపోయాడు. నేను క్రమశిక్షణ నేర్పాననుకున్నాను.

ఆ తర్వాత నాలుగు నెలలు నా షిఫ్ట్‌లో ఒక్క డీవియేషన్ (పద్ధతి తప్పిన సంఘటన) కూడా నమోదు కాలేదు. నెలవారీ మీటింగ్‌లో మా షిఫ్ట్ క్లీన్ అని గొప్పగా చెప్పుకున్నాను కూడా. ఒకరోజు క్యూఏలో (నాణ్యత చూసే విభాగంలో) పనిచేసే పెద్దాయన నన్ను పిలిచి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టారు. ఒకటి మా వాళ్లు చేత్తో రాసిన బ్యాచ్ రికార్డు: 47, 47, 48, 47, 47. రెండోది మీటర్ దానంతటదే గీసిన గ్రాఫ్. కొండలూ లోయలూ. రెంటినీ కాసేపు చూడనిచ్చి, “మీ షిఫ్ట్‌లో తప్పులు తగ్గలేదు బాబూ, మీతో చెప్పేవాళ్లు తగ్గారు” అన్నారు.

మందుల తయారీలో ఇదెంత పెద్ద విషయమో ఆ రంగంలో ఉన్నవాళ్లకి తెలుసు. పని చేసినప్పుడే, చేసినవాడే, ఉన్నది ఉన్నట్టు రాయాలి. రికార్డుల్లో ఆ నిజాయితీ లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు మన దేశంలోని ప్లాంట్లకి ఎన్నోసార్లు వార్నింగ్ లెటర్లు ఇచ్చారు. 56 డిగ్రీలు తప్పే, కానీ దాన్ని డీవియేషన్‌గా రాసి, శాంపిల్ పరీక్షించి, బ్యాచ్ సంగతి తేల్చవచ్చు. 56ని 48గా రాస్తే ఇక తేల్చడానికేమీ మిగలదు. ఆ 48 రాయించింది నేనే. నా గొంతు రాయించింది.

కాబట్టి ఎవరైనా వచ్చి తప్పు చెబితే, వరసగా ఇలా చేయండి.

ముందు నోరు కాదు, కాళ్లు కదలనివ్వండి. ‘పద చూద్దాం’ అని లేచి అతనితో నడవండి. (చూద్దాం అనే మాటకి ఇదొక్కటే సరైన చోటు.) నడిచే ఆ ముప్పై సెకన్లలో మీ కోపం సగం దిగుతుంది.

మనుషుల గురించి మొదట అడగండి. ‘ఎవరికైనా ఏమైనా అయిందా?’ తర్వాత ‘ఇప్పుడు ఎంతుంది? ఎప్పుడు చూశావ్? ఇప్పటిదాకా ఏం చేశావ్?’ వీటిలో ‘ఎందుకు’ అనే మాట లేదని గమనించండి. మనవాళ్లకి ‘ఎందుకు చేశావ్’ అన్నది ప్రశ్నలా వినిపించదు, తిట్టులా వినిపిస్తుంది. కారణం రేపు వెతకొచ్చు.

పరిస్థితి అదుపులోకి రాగానే, ‘వెంటనే చెప్పావ్, మంచి పని చేశావ్’ అనండి. తప్పు చేసినవాణ్ణి మెచ్చుకోవడమేంటని మీ లోపల ఎవరో గొణుగుతారు. తప్పుని మెచ్చుకోవడం లేదు, చెప్పడాన్ని మెచ్చుకుంటున్నారు. ఈ రెండూ వేరని అక్కడున్న అందరికీ తెలిసేలా గట్టిగానే అనండి.

మర్నాడు కూర్చుని కారణం చూడండి. నా కేసులో వాల్వు పై ప్లాట్‌ఫామ్ మీద, థర్మామీటర్ కింద. ఒకే మనిషి మెట్లెక్కి దిగుతూ రెండూ చూడాలి. కళ్లెక్కడ పెట్టుకున్నావ్ అని అడిగింది నేనే, ఆ మెట్లు చూడనిదీ నేనే.

నిర్లక్ష్యం అసలే ఉండదని నేననను. తెలిసి చేసినవాడూ, మూడోసారి అదే తప్పు చేసినవాడూ ఉంటారు. వాళ్లకి మెమో ఇవ్వాల్సిందే. కానీ అది విడిగా, తలుపు వేసి, మర్నాడు.

టొయోటా కార్ల ఫ్యాక్టరీల్లో లైన్ వెంబడి ఒక తాడు ఉంటుంది (ఇప్పుడు కొన్నిచోట్ల దాని బదులు బటన్ వచ్చింది), దాన్ని ఆండాన్ తాడు అంటారు. తేడా కనిపిస్తే ఏ వర్కరైనా దాన్ని లాగొచ్చు. టీమ్ లీడర్ వస్తాడు, ఆ కాస్త సమయంలో సరికాకపోతే లైనే ఆగుతుంది. తాడు కట్టడం ఎవరికైనా వచ్చు. లాగినవాడి దగ్గరికి వచ్చిన లీడర్ మొహం ఎలా ఉందన్నదాని మీదే రెండోసారి లాగడం ఆధారపడుతుంది. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్‌సన్, తను ఇంకా పరిశోధక విద్యార్థిగా ఉన్న 1990లలో, ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లని పరిశీలించారు. బాగా కలిసి పనిచేసే టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే లెక్కలో ఎక్కువ తేలాయి. మంచి టీమ్‌లు పొరపాట్లని బయటికి చెబుతున్నాయి, మిగతావి దాస్తున్నాయని తర్వాత అర్థమైంది. మా క్యూఏ పెద్దాయన ఆ పరిశోధన చదివి ఉంటారని నేననుకోను.

దాచిన లెక్క ఎంతదాకా పెరుగుతుందో హైదరాబాద్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకి రాసిన లేఖలో, అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ మధ్య చిన్న తేడాగా మొదలైందే ఏళ్లు గడిచేకొద్దీ పెరిగిపోయిందని ఉంది. అది పై అంతస్తు కథ. కానీ 48 డిగ్రీలు కూడా అలాంటి చిన్న తేడాయే.

4. పైవాళ్ల ముందు నిలబడాల్సింది మీరే

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం, ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్. విలేకరుల ముందుకి ధవన్ వెళ్లి బాధ్యత తన మీద వేసుకున్నారు. మరుసటి ఏడాది జులై 18న ప్రయోగం గెలిచాక విలేకరుల ముందుకి కలాంని పంపారు. కలాం గారు ఎన్నో సభల్లో చెప్పిన సంగతే కాబట్టి మీరూ వినే ఉంటారు.

అందరూ దాటేసే ముక్క ఇంకోటుంది. ఆ మొదటి ప్రయోగానికి ముందు కంప్యూటర్ ఆపమని చూపించింది. నిపుణులు ఫర్వాలేదన్నారు, కలాం ముందుకెళ్లాలని నిర్ణయించారు. అంటే ధవన్ కాపాడింది ఏ తప్పూ లేని మనిషిని కాదు, ఒక నిర్ణయం తీసుకుని దెబ్బతిన్న మనిషిని. మన ఆఫీసుల్లో ‘తప్పు లేకపోతే నేను అండగా ఉంటా’ అంటుంటారు. తప్పు లేనివాడికి మీ అండ ఎందుకు?

మీ స్థాయిలో దీన్ని ఎలా చేయాలంటే, పై మీటింగ్‌లో ‘మా వాడు చూసుకోలేదు సార్’ అనకండి. ‘మా షిఫ్ట్‌లో జరిగింది సార్, కారణం ఇదీ, ఇలా సరిచేశాం’ అనండి. పేరు అడిగితే, రికార్డులో ఎలాగూ సంతకం ఉంటుంది, దాచొద్దు. కానీ మీరై మీరు ముందుకి తోయకండి. మంచి జరిగినప్పుడు మాత్రం పేరుతో చెప్పండి, వీలైతే ఆ మనిషినే తీసుకెళ్లి చెప్పించండి. పై మీటింగ్‌లో మీరేం మాట్లాడారో కిందికి తెలియదనుకోకండి. టీ ఇచ్చే అబ్బాయి దగ్గర్నుంచి గంటలో అందరికీ తెలుస్తుంది.

5. సంక్రాంతి లీవులు, ‘మనవాడు’ అనే మాట

ఏడాదంతా కట్టుకున్న పేరు జనవరి రెండో వారంలో ఒక్క దెబ్బకి పోతుంది. మా దగ్గర గోదావరి జిల్లాల వాళ్లందరికీ సంక్రాంతికి ఊరెళ్లాలి. తెలంగాణ వాళ్లకి సద్దుల బతుకమ్మ, దసరా. బిహార్ వాళ్లకి ఛఠ్. ఒడిశా వాళ్లకి జూన్‌లో రజ పండగ. రంజాన్, క్రిస్మస్ ఎలాగూ ఉన్నాయి. ప్లాంట్ మాత్రం ఆగదు.

నాకు పనిచేసిన పద్ధతి చెప్తాను. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, కాసేపట్లోనే వెయిటింగ్ లిస్ట్‌కి వెళ్లిపోతుంది. కాబట్టి సంక్రాంతి లీవులు నవంబర్ మొదటి వారంలోనే తేల్చేయాలి. డిసెంబర్ చివర్లో ‘సరే వెళ్లు’ అంటే అది లీవు ఇచ్చినట్టు కాదు, ప్రైవేటు బస్సులో మూడింతలు కట్టి వెళ్లమన్నట్టు. పోయినసారి ఎవరు ఉండిపోయారో వాళ్లు ఈసారి ముందు కోరుకుంటారు. రెండు మూడేళ్ల జాబితా బోర్డు మీద అందరికీ కనిపించేలా పెట్టాలి. ఆ జాబితాలో మీ పేరు కూడా ఉండాలి. నేను రెండేళ్లకోసారి భోగి రాత్రి సి షిఫ్ట్ చేసేవాణ్ణి. ఇంట్లో తిట్లు పడ్డాయి, అది వేరే సంగతి.

ఇక ‘మనవాడు’. ఈ మాట ఆఫీసులో ఎవరి నోట విన్నా ఒక క్షణం ఆగండి. అందులో ఊరు ఉండొచ్చు, జిల్లా ఉండొచ్చు, కులం ఉండొచ్చు. అన్నవాడికీ, విన్నవాడికీ, వినకూడనివాడికీ అర్థమవుతుంది. నాకలాంటి పట్టింపులు లేవని అందరూ అంటారు, నేనూ అన్నాను. ఒక ఆదివారం ఆరు నెలల రోస్టర్ తీసి, ఎవరికి ఎన్ని నైట్ షిఫ్టులు పడ్డాయో లెక్కపెట్టాను. అందరికంటే తక్కువ పడ్డ ఇద్దరూ మా జిల్లా వాళ్లే. కావాలని వేయలేదు. వాళ్లు తెల్లారి టీ టైమ్‌లో నాతో కబుర్లాడేవాళ్లు, ‘సార్ ఈ వారం కొంచెం’ అంటే కాదనలేకపోయాను. మిగతావాళ్లు అడగలేదు కాబట్టి ఇవ్వలేదు. ఆ లెక్క నేను ఆ రోజు చూశాను. వాళ్లు ఆరు నెలలుగా చూస్తూనే ఉన్నారు.

మీరూ ఒకసారి లెక్కపెట్టండి. నైట్‌లు, లీవులు, తేలికైన పనులు, ట్రైనింగ్‌కి పంపినవాళ్ల పేర్లు. కాంట్రాక్ట్ వాళ్లని పేరు పెట్టి పిలుస్తున్నారో, ‘ఏయ్’ అని పిలుస్తున్నారో కూడా చూసుకోండి. యూనిఫామ్ రంగు వేరైనంత మాత్రాన కళ్లు వేరే కాదు, పంపు సీల్ తడి చూసింది కాంట్రాక్ట్ హెల్పరే.

6. ‘ఎవరికీ చెప్పనని మాటివ్వండి సార్’

ఇలా మొదలుపెడితే మాటివ్వకండి. వినకముందే మాటిస్తే, విన్నాక మీరు మాట తప్పాల్సి రావచ్చు. ‘నా దగ్గర ఉండగలిగిందైతే నా దగ్గరే ఉంటుంది. చెప్పక తప్పనిదైతే ఎవరికి చెప్తానో ముందు నీకే చెప్తా’ అనండి. ఇంట్లో అప్పులు, ఆరోగ్యం, వేరే ఉద్యోగం వెతుక్కోవడం లాంటివి మీ దగ్గరే ఆగిపోవాలి. భార్యాభర్తల గొడవ గురించి మీకొకరు చెప్పింది ఇంకొకరి నోట వినిపిస్తే, ఆ రోజుతో మీ పని అయిపోయినట్టే.

లైంగిక వేధింపుల సంగతి వేరు. ఎవరైనా ఆడవాళ్లు వచ్చి చెబితే, పెద్దమనిషిలా ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ చేయబోకండి. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. ఫిర్యాదు రాయడానికి సాయం చేయండి, కమిటీ దగ్గరికి చేర్చండి, నోరు మూసుకోండి. పేర్లు బయటికి రాకూడదన్నది కూడా ఆ చట్టంలో ఉంది.

7. నమ్మినా చెక్ చేయండి

‘నా మీద నమ్మకం లేదా సార్’ అనేది మనవాళ్ల పెద్ద అస్త్రం. మందుల ప్లాంట్‌లో ముడిసరుకు తూకం ఒకరు వేస్తారు, ఇంకొకరు చూసి సంతకం పెడతారు. ఇరవై ఏళ్ల సీనియర్ తూచినా అంతే. అనుమానం ఒక్కరి మీదే పడితే అవమానం. అందరికీ ఒకటే రూల్ అయితే ఎవరికీ పట్టింపు ఉండదు. మీ పనిని కూడా ఇంకొకరి చేత చెక్ చేయించుకోండి, అది చాలు.

8. కంపెనీ సంగతులు చెప్పలేనప్పుడు

ఇంక్రిమెంట్లు ఆగాయట, బ్లాక్ మూసేస్తారట, మనుషుల్ని తీసేస్తారట అని గుసగుసలు మొదలైతే, మీకు తెలిసినా చెప్పకూడని పరిస్థితి రావచ్చు. ‘అలాంటిదేం లేదు’ అని మాత్రం అనకండి. అబద్ధమని తేలిన రోజు, అంతకుముందు మీరు చెప్పిన నిజాలు కూడా పోతాయి. ‘దీని మీద నేనిప్పుడు మాట్లాడలేను. మాట్లాడగలిగిన రోజు ముందు మీకే చెప్తా’ అంటే వాళ్లకి సగం అర్థమవుతుంది. ఆ సగాన్ని తట్టుకుంటారు. పైవాళ్ల నిర్ణయం మీకు నచ్చకపోతే లోపల గట్టిగా వాదించండి. బయటికొచ్చి ‘నేను వద్దన్నాను, వాళ్లే వినలేదు’ అని చేతులు దులుపుకోకండి. ఆ క్షణానికి మంచివాళ్లవుతారు, ఆ తర్వాత మీ మాట చెల్లదని అందరికీ తెలిసిపోతుంది.

9. మీరే చెడగొట్టుకుంటే

చెడగొట్టుకుంటారు, అనుమానం లేదు. ఆ రెండు కాగితాలు చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆపరేటర్‌ని విడిగా పిలిచి, భుజం మీద చేయి వేసి, టీ తాగించి సర్దేద్దామనుకున్నాను. మా ఆవిడ ఒకే మాట అడిగింది: “తిట్టింది అందరి ముందు కదా?”

తిట్టిన చోటే, తిట్టిన టైమ్‌లోనే చెప్పాలి. మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకి, ఎ షిఫ్ట్ దిగుతూ, బి షిఫ్ట్ ఎక్కుతుండగా, హ్యాండోవర్ దగ్గర నిలబడి చెప్పాను. “నాలుగు నెలల కింద ఇక్కడే ఇతని మీద అరిచాను. తప్పు నాది. ఇతను చేసింది సరైన పని, వెంటనే వచ్చి చెప్పాడు. ఇక మీద ఎవరు వచ్చి చెప్పినా అరవను.” నాలుగు వాక్యాలు. ‘కానీ’ అనే మాట రాకుండా చూసుకున్నాను. ‘సారీ, కానీ ఆ రోజు చాలా టెన్షన్‌లో ఉన్నాను’ అంటే అది మళ్లీ నా బాధ చెప్పుకోవడమే అవుతుంది. నాలుగు నెలలు వాళ్లు రాసిన అంకెల సంగతి నేనే క్యూఏకి చెప్పి, నా పేరు మీద నమోదు చేయించాను. నాకు మెమో వచ్చింది. ఆ ఏడాది ఇంక్రిమెంట్‌లో అది కనిపించింది కూడా.

సినిమాల్లోలా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆపరేటర్ ‘పర్లేదు సార్’ అని బస్సెక్కడానికి వెళ్లిపోయాడు. వారాలు గడిచాయి, ఏమీ మారలేదు. ఈ దశలో చాలామంది విసిగిపోయి ‘సారీ చెప్పినా వీళ్లింతే’ అనేస్తారు. అనకండి. మీరు మాటిచ్చారు కానీ పరీక్ష ఇంకా రాలేదు, వాళ్లు దాని కోసం చూస్తున్నారు.

ఆరు వారాల తర్వాత ఒక రాత్రి రెండూ నలభైకి ఫోన్ మోగింది. అతనే. “సార్, సెంట్రిఫ్యూజ్‌లో ఫిల్టర్ క్లాత్ చిరిగినట్టుంది. ఎంఎల్‌లో మెటీరియల్ కనబడుతోంది.” అంటే వేరుచేసిన ద్రవంలోకి అసలు సరుకు జారిపోతోంది. కోపం రాలేదని చెప్పను, కొత్త క్లాత్ వేసి రెండ్రోజులే అయింది. గొంతు సర్దుకుని “ఎప్పుడు చూశావ్?” అన్నాను.

“ఇప్పుడే సార్. ఐదు నిమిషాలైంది.”

10. బదిలీ అయినప్పుడు

ఇది దాదాపు ఎవరూ చేయరు. మీరు వేరే బ్లాక్‌కో, వేరే కంపెనీకో వెళ్లేటప్పుడు, చార్జ్ కాగితాలతో పాటు జేబు పుస్తకంలో ఇంకా కొట్టేయని పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి కొత్తాయనకి ఇవ్వండి. ఎవరికి ఏం చెప్పారు, ఎందుకు కాలేదు. ఆ మనుషులకి కూడా ‘నీ సంగతి ఆయనకి రాసిచ్చాను’ అని చెప్పండి. లేకపోతే మీరు మాటిచ్చినవన్నీ మీతోనే పోతాయి, కొత్తాయన మళ్లీ అప్పుల నుంచే మొదలుపెడతాడు.

నేను దిగిపోయే రోజుకి నా కాగితం మీద నాలుగు మిగిలాయి. ఒకరి పీఎఫ్ ఖాతాలో పేరు తప్పు, ఒకరికి వేరే బ్లాక్‌కి మార్పు, ఎక్స్‌హాస్ట్ దగ్గర గ్రిల్, డ్రెస్ మార్చుకునే గదిలో ఫ్యాన్. ఫ్యాన్ కోసం రెండేళ్లు తిరిగాను, నా వల్ల కాలేదు. అదీ రాసిచ్చాను.